ఆదివారం అనే దూడ

విస్కాన్సిన్
మే 10, 1998

చెల్లెలు సిగ్నెకి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. హెల్మర్ గురించి డాక్టరు అన్న మాట ఇంకోసారి చదివాను. ఈ వేసవి గట్టెక్కుతుంది, ఆ తర్వాత సంగతి చెప్పలేను అన్నాడని రాశావు. మన ముగ్గురిలో పెద్దవాణ్ణి నేను. వరస ప్రకారం నేను ముందు వెళ్ళాలి.

వాణ్ణి ఆసుపత్రిలో ఉంచకుండా సరస్సు ఒడ్డున వాడు కట్టుకున్న చెక్క ఇంటికే తీసుకువెళ్ళి మంచి పని చేశావు. నువ్వు వెంట ఉన్నావు, అది ఇంకా మంచిది.

ఒక వారం వచ్చి ఉండమని వాడు అడిగాడన్నావు. ఏటా అడుగుతాడు. ఈసారి అడగడం వేరని నాకు తెలుసు. కానీ ఇప్పుడు కుదరదు సిగ్నె. ముప్ఫై ఎనిమిది ఆవులు. రెండు పూటలా పితకాలి. జెర్దా నిండు చూలుతో ఉంది. నేడో రేపో ఈనుతుంది. వదిలి రాలేను.

ఫోను చెయ్యొద్దు. నా చెవులకి ఫోనులో గొంతు గాలి వీచినట్టు వినపడుతుంది. ఉత్తరమే రాయి.

పెరట్లో రూబార్బ్ కాడలు ఎదిగాయి. జామ్ చేశాను. కొంచెం మాడింది. అయినా ఒక సీసా పంపుతున్నాను.

హెల్మర్‌కి చెప్పు. ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ పెద్దన్నయ్య
ఓర్లిన్

*

పెలికన్ సరస్సు, మిన్నెసోటా
మే 19

పెద్దన్నయ్యకి,

జామ్ మాడింది కొంచెం కాదు. చిన్నన్నయ్య మాత్రం రొట్టె మీద మందంగా రాసుకుని తిన్నాడు. "అమ్మ చేసినట్టే ఉందే. అమ్మ కూడా మాడ్చేది" అన్నాడు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. ముప్ఫై ఎనిమిది ఆవులు అనగానే నవ్వాడు. నవ్వితే దగ్గు వస్తుంది, దగ్గితే నాకు భయం వేస్తుంది, కాబట్టి ఇకమీదట నవ్వొచ్చేవి రాయకు. దగ్గు ఆగాక ఏమన్నాడో తెలుసా? "మన అన్నయ్య ఒక్కో ఆవుకీ ఏడాదికి రెండు నెలలు సెలవిస్తాడు. తనకి రెండు రోజులు ఇచ్చుకోడు."

అబద్ధమా? ఈనే ముందు అరవై రోజులు ఏ ఆవు దగ్గరా చుక్క పాలు తియ్యవు. నాన్న పెట్టిన లెక్క అది. విశ్రాంతి దొరకని ఆవు మరుసటి ఏడు పాలివ్వదని నాకు ఏడేళ్ళప్పుడు కొట్టంలో నిలబెట్టి చెప్పిందీ నువ్వే. మరి అరవై ఏళ్ళుగా చీకటితో లేస్తున్న మనిషి మాటేమిటి?

ఇక్కడి కుర్చీల సంగతి చెబుతా విను. ఈ ఇల్లు కట్టిన ఏడు చిన్నన్నయ్య చెక్క రేవు మీద వేసుకోవడానికి మూడు కుర్చీలు చేశాడు. ఒకటి తనకి, ఒకటి నాకు, ఒకటి నీకు. నాది రెండుసార్లు విరిగింది. ఆయనది ఎండకి వెలిసి బూడిదరంగుకి వచ్చింది. నీ కుర్చీ ఆకుపచ్చ ఇంకా నిగనిగలాడుతోంది. నలభై ఏళ్ళలో ఎవరైనా కూర్చుంటే కదా రంగు పోవడానికి!

పక్కింటి డ్వేన్ ఉన్నాడుగా. వారం రోజులు పాలు పితికితే అతని చేతులు అరిగిపోతాయా? నేనొక కేకు పంపిస్తాను. వాళ్ళావిడ కేకులు తినీ తినీ ఉన్నాడు పాపం, నా కేకు కోసం ఏమైనా చేస్తాడు.

దోమలు వచ్చేశాయి. నువ్వూ రా.

నీ చెల్లెలు
సిగ్నె

*

జూన్ 2

సిగ్నెకి,

డ్వేన్‌కి తుంటి నొప్పి. వంగలేకపోతున్నాడు. అతన్ని అడగలేను. కేకు పంపవద్దు.

మొదటి గడ్డి కోత మొదలైంది.

జెర్దా ఈనింది. పెయ్య దూడ. తల్లీ బిడ్డా బాగున్నారు. హెల్మర్‌కి చెప్పు. సంతోషిస్తాడు.

ఆకుపచ్చ రంగు సంగతి చదివాను. నవ్వొచ్చేవి రాయవద్దన్నావు. నాకు అలాంటివి రాయడం ఎలాగూ రాదు.

ఓర్లిన్

*

జూన్ 12

పెద్దన్నయ్యా,

పెయ్య పుట్టిందనగానే చిన్నన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండు రోజులుగా సూపు ముట్టని మనిషి గిన్నెడు తాగాడు. ఒకటే ప్రశ్నలు. నలుపా, ఎరుపా? నుదుట చుక్క ఉందా? పేరు పెట్టాడా? నువ్వేమో నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటావు, నేనెక్కణ్ణుంచి తెచ్చి చెప్పను?

పేరు తనే పెట్టాడు. చాలాసేపు కిటికీలోంచి నీళ్ళ వైపు చూసి, "ఆదివారం అని పిలవమను" అన్నాడు. "దూడకి ఆదివారం ఏమిటి, నీ మొహం" అన్నాను. "అన్నయ్య ఇంట్లో ఎప్పుడూ లేనిది అదొక్కటే. దూడ పేరులోనైనా ఉండనీ" అన్నాడు.

ఈ మధ్య ఆయన రోజల్లా రేవు మీదే ఉంటున్నాడు. గాలం నీళ్ళలో ఉంటుంది, కొక్కేనికి ఎర ఉండదు. "చేప పడితే లేవాలి కదే" అంటాడు. నేను ఒక నిమిషం కూర్చుంటే రెండో నిమిషం లేచి మెట్లు ఊడుస్తున్నాను. నిన్న నా చేతిలోంచి చీపురు లాక్కుని నీళ్ళలోకి విసిరేశాడు! అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. పడవేసుకుని వెళ్ళి తెచ్చుకున్నాను. నన్ను చూసి ఒకటే నవ్వు, ఆ తర్వాత దగ్గు.

ఆదివారం ఫొటో తీసి పంపు. రోజూ అడుగుతున్నాడు.

సిగ్నె

*

జూన్ 28

సిగ్నెకి,

ఆదివారం బాగా పాలు తాగుతోంది. నలుపు. నుదుట చుక్క ఉంది. కెమెరా పాడైంది.

ఈ ఏడు కొట్టంలో పిచ్చుకలు ఎక్కువ. పాల గొట్టం మీదే ఒక జంట గూడు కట్టింది. బక్కెట్టు బోర్లించుకుని కూర్చుని చూస్తూ ఉంటాను. పిల్లలు నాలుగు. తల్లి గంటకి ఇరవై సార్లు పురుగు తెస్తుంది. ఎంతసేపు చూశానో తెలియలేదు, కాఫీ చల్లారిపోయింది.

రెండో కోత అయ్యాక వస్తాను. ఆగస్టులో.

వాడు చీపురు విసరడం నేను చూసి ఉంటే బాగుండేది.

ఓర్లిన్

*

జూలై 19

అన్నయ్యా,

మొన్నటి నుంచీ ఆయన నడవడం లేదు. రేవు మీదికి నేనూ, పక్కన పడవల షెడ్డు నడిపే అతనూ కలిసి కుర్చీతో సహా మోసుకెళ్తున్నాం. బరువేమీ లేడు. అదే నన్ను ఏడిపించింది.

జూన్ సగంలో ఒకరోజు నీ కుర్చీ కూడా బయట వెయ్యమన్నాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున వేస్తున్నాను, సాయంత్రం లోపల పెడుతున్నాను. నువ్వు ఆగస్టు అంటావు. ఆగస్టు నీ చేతిలో ఉందా, ఆయన చేతిలో ఉందా?

మనసులో ఉన్నది అడిగేస్తాను. నాన్న పోయిన ఏడు చిన్నన్నయ్య రైల్వే పనికి వెళ్ళిపోయి కొట్టం మొత్తం నీ నెత్తిన వదిలేశాడు. నువ్వు పెళ్ళి కూడా చేసుకోలేదు. ఆ కోపం ఇంకా ఉందా? ఉంటే తిట్టు. వచ్చి మొహం మీద తిట్టు. అంతేగానీ ఆవుల్ని అడ్డం పెట్టుకుని చచ్చిపోయే మనిషి మీద పగ తీర్చుకోకు.

ఇలా రాస్తున్నానని ఆయనకి చెబితే కోప్పడ్డాడు. "అన్నయ్యని వదిలెయ్యవే. తరమకు" అన్నాడు. నేను తరుముతున్నాను. ఎవరో ఒకరు తరమాలి.

సిగ్నె

*

జూలై 26

సిగ్నెకి,

అది కాదు. ఏనాడూ కాదు. వాడు వెళ్ళిన రోజు వాడి సంచి రైలు దాకా మోసింది నేనే.

ఆగస్టు 9 ఆదివారం డులూత్ బస్సులో వస్తాను. సాయంత్రం నాలుగింటికి దిగుతాను.

ఓర్లిన్

*

ఆగస్టు 10

సిగ్నెకి,

నిన్న నువ్వు బస్సు దగ్గర ఎదురు చూసి ఉంటావు. క్షమించు. ఆదివారానికి పారుడు రోగం పట్టింది. దూడలకి అది పడితే పూటలో పోతాయి. కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది. కుదుటపడగానే వస్తాను.

హెల్మర్‌కి కోపం వస్తే రానీ. నా మీద కోపం తెచ్చుకోమను.

ఓర్లిన్

*

డులూత్
ఆగస్టు 21

పెద్దన్నయ్యకి,

ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను. నాలుగు రోజులు ఆగాను.

నీ దూడ జబ్బు ఉత్తరం 13వ తేదీ మధ్యాహ్నం అందింది. చిన్నన్నయ్య ఆ పొద్దున్నే పోయాడు. చదివి వినిపించే పని తప్పింది.

సోమవారం చర్చిలో నువ్వు చివరి బల్ల మీద కూర్చున్నావు. ముందుకి రమ్మంటే రాలేదు. మట్టి వేసి, కాఫీ కూడా తాగకుండా, అందరి ముందూ "పాలు పితకాలి, వెళ్తాను" అన్నావు. ఆ మాటకి నిన్ను కారులో తీసుకొచ్చిన డ్వేన్ తన బూట్ల వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. శవపేటికకి ఒక పక్క భుజం పట్టింది అతనే. తుంటి నొప్పి మనిషి మెట్లు గబగబా దిగాడు.

నాకు ఏదో అర్థం కావడం లేదు అన్నయ్యా. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

దూడ బతికిందా?

సిగ్నె

*

ఆగస్టు 30

సిగ్నెకి,

దూడ లేదు. ఆవులు లేవు.

ఏప్రిల్ 18 శనివారం వేలం వేశాను. మోకాళ్ళు రెండూ పోయాయి. పాల బండి వాళ్ళు చిన్న కొట్టాలకి ఇక రామన్నారు. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. చివరి బండిలో జెర్దా వెళ్ళింది. ఎక్కనని మొరాయిస్తే నేనే చెవి వెనక గోకి ఎక్కించాను. అది ఎక్కడ ఈనిందో, ఏం పుట్టిందో నాకు తెలియదు.

మర్నాడు ఎప్పటిలాగే నాలుగున్నరకి మెలకువ వచ్చింది. కొట్టంలోకి వెళ్ళి లైటు వేశాను. రేడియో పెట్టాను, ఆవులకి అలవాటని. బక్కెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. రోజూ అదే పని. రోడ్డున వెళ్ళేవాళ్ళు చూసి కొట్టం నడుస్తోందనుకోవాలని లైటు. వాళ్ళంతా వేలానికి వచ్చినవాళ్ళే. అయినా వేశాను.

మొదటి ఉత్తరంలోనే చెబుదామని కూర్చున్నాను. చెయ్యి ఆవులు అని రాసింది. ఆ తర్వాత దూడ కావలసి వచ్చింది. వాడు పేరు పెట్టాడు. పేరు పెట్టాక దాన్ని ఎలా లేదనను?

ఆగస్టు 9న బస్సు దాకా వెళ్ళాను. సంచి సర్దుకున్నాను, వాడికిష్టమైన చీజ్ పెట్టుకున్నాను. బస్సు వచ్చింది. డ్రైవరు తలుపు తీసి, "ఎక్కుతావా పెద్దాయనా?" అన్నాడు. నాకు రేవు మీది కుర్చీలు కనపడ్డాయి. వాడొక దాంట్లో, నేనొక దాంట్లో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? పితకడానికి ఏమీ లేదు, మొయ్యడానికి ఏమీ లేదు. పోతున్న తమ్ముడి పక్కన ఉట్టి చేతులతో కూర్చోవడం నాకు రాదు. భయం వేసింది సిగ్నె. డెబ్భై ఆరేళ్ళొచ్చి కుర్చీకి భయపడ్డాను. రానన్నాను. బస్సు వెళ్ళిపోయింది.

సమాధి దగ్గర ఆ మాట అబద్ధమాడదామని అనలేదు. సాయంత్రం నాలుగైంది. ఎండ అలా వాలగానే నోరు దానంతటదే అంది.

వేసవి అంతా ఖాళీగా ఉన్నాను. ఒక్క రోజు కాదు, వేసవి అంతా. అది నీకు తెలియాలి.

ఓర్లిన్

*

డులూత్
సెప్టెంబరు 14

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేద్దామని మూత కూడా తీశాను. వెయ్యలేదు. రెండు రోజులు గిన్నెలు విసిరి కొట్టాను. పక్కవాటా ఆవిడ వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది.

తర్వాత సరస్సు దగ్గరికి వెళ్ళాను, చిన్నన్నయ్య సామాన్లు సర్దడానికి. గాలాల పెట్టె అడుగున మడత పెట్టిన వార్తాపత్రిక ముక్క దొరికింది. మన ఊరి వారపత్రిక. ఆయన నలభై ఏళ్ళుగా పోస్టులో తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేవాడు. నేను దాన్ని చేపలు చుట్టడానికి తప్ప ముట్టుకోలేదు. నీ వేలం ప్రకటన అది. ఓర్లిన్ తువేట్ కొట్టం, ముప్ఫై ఎనిమిది ఆవులు, ఏప్రిల్ 18.

ఆయనకి తెలుసన్నయ్యా. మొదటి రోజు నుంచీ తెలుసు. దూడ లేదని తెలిసే దానికి పేరు పెట్టాడు.

అంచున పెన్సిలుతో రాసుకున్నాడు. "ఏప్రిల్ 18 నుంచి అరవై రోజులు, జూన్ 17. అన్నయ్యకి ఇంకొంచెం పట్టొచ్చు." జూన్ 17నే ఆయన నీ కుర్చీ బయట వెయ్యమన్నాడు.

నేను నిన్ను తరుముతూ ఉత్తరం రాసిన రోజు ఆయన ఇంకో మాట అన్నాడు. మందుల మత్తులో కొట్టం రోజులు కలవరిస్తున్నాడనుకుని నీకు రాయలేదు. "పితకడం ఆపేస్తే ఆవు పొదుగు బిగిసి రెండు రోజులు అరుస్తుంది. జాలిపడి పితికావో, మళ్ళీ మొదటికొస్తుంది. అరవనివ్వాలి. దానంతటదే సద్దుమణిగి పడుకుంటుంది." నీ గురించే. నువ్వు బోర్లించిన బక్కెట్టు మీద కూర్చున్నావని రాసినప్పుడు, "చూశావా, సద్దుమణుగుతున్నాడు" అన్నాడు. నేను పిచ్చుకల గురించి అనుకున్నాను.

నిన్ను రమ్మని ఆయన ఒక్కమాట గట్టిగా రాసి ఉంటే వచ్చేవాడివేమో. నేను పగ అనకుండా ఉంటే చెప్పుకునేవాడివేమో. ఆవుకి అరవై రోజులని నాన్న లెక్క చెప్పాడు. మనిషికి ఎన్నో ఎవరూ చెప్పలేదు. ఆయనా నీలాగే పాలమనిషే, ఆవు లెక్కే వేశాడు. లెక్క చాల్లేదు.

తాళం చెవి పంపుతున్నాను. నీళ్ళు గడ్డకట్టే లోపల వెళ్ళు. నేను రాలేను. చర్చి వంటగది మళ్ళీ నా మీద పడింది, నెలాఖరుకి పంటల విందు, మూడు వందల మందికి బంగాళాదుంపలు. ఆ తర్వాత ఇంకేదో ఉంటుంది. రాత్రికి అయిదు గంటలు పడుకుంటే గొప్ప.

సిగ్నె

*

పెలికన్ సరస్సు
అక్టోబరు 4

సిగ్నెకి,

బుధవారం వచ్చాను. బస్సులోనే వచ్చాను. పడవల షెడ్డు అతను ఇక్కడ దించి వెళ్ళాడు.

మొదటి రోజు కట్టెలు కొట్టాను. రెండో రోజు మెట్టు బాగు చేశాను, కిటికీకి మేకు కొట్టాను, చిమ్నీ దులిపాను. మూడో రోజు మధ్యాహ్నానికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. కొట్టిన కట్టెలే ఇంకో గోడకి మార్చి పేర్చాను. సాయంత్రం రేవు మీదికి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోలేదు.

నిన్న కూర్చున్నాను. కుర్చీ బిగుతుగా ఉంది, కొత్తది కదా. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. కాసేపు వేళ్ళు వాటంతటవే ముడుచుకుని విచ్చుకున్నాయి, పితికినట్టు. వాటిని ఆపలేదు. అలా ఎంతసేపో. తర్వాత అవే ఆగాయి.

హెల్మర్ గాలం వేశాను. ఎర పెట్టలేదు.

వాడు పక్కనుంటే ఏం మాట్లాడేవాణ్ణని ఆలోచించాను. ఏమీ మాట్లాడేవాణ్ణి కాదు. వాడూ మాట్లాడేవాడు కాదు. ఇద్దరం నీళ్ళు చూసేవాళ్ళం. వాడు అడిగింది అంతే. నలభై ఏళ్ళు అదే అడిగాడు. నాకు అదేదో పెద్ద పని అనిపించింది, చేతకాదనుకున్నాను. చూస్తే ఇందులో చేతకాకపోవడానికి ఏమీ లేదు సిగ్నె. వాడి పక్కన కూర్చుని ఉంటే మొదటి పూటకే తెలిసేది.

ఇవాళ ఆదివారం. నాలుగున్నరకి మెలకువ వచ్చింది. ఎందుకు లేచానో గుర్తు రాలేదు. మళ్ళీ పడుకున్నాను. ఇలా జరగడం ఇదే మొదలు. లేచేసరికి ఎండ మంచం మీదికి వచ్చింది.

వాడి కుర్చీ బయట వేశాను. నీదీ వేశాను. దాని కాలు ఊగుతోంది, మరమ్మతు చెయ్యబోయి ఆగాను. నువ్వు వచ్చాక చేస్తాను, లేకపోతే ఊగనీ.

మూడు వందల మందికి బంగాళాదుంపలు ఇంకెవరైనా ఒలుస్తారు. నేనూ నీలాగే అనేవాణ్ణి, నేను లేకపోతే ఎలా అని. ఆవులు వేరే కొట్టంలో పాలిస్తున్నాయి.

శనివారం బస్సుకి రా. నేను రేవు మీదే ఉంటాను. చీపురు తేవద్దు.

నీ పెద్దన్నయ్య
ఓర్లిన్